ముల్లు ఎప్పుడు లేచింది, వదినగారూ?

వదినగారూ, ఓ వదినగారూ! నిన్న అరకు వెళ్ళినవాళ్ళు రాత్రికే వచ్చేశారటగా? కారుని వెనకాల తాడు కట్టి లాక్కొచ్చారని పాలబ్బాయి చెప్పాడు. నిజమేనా?

అయ్యయ్యో. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటేనా? బానెట్‌లోంచి పొగ వచ్చేసిందా? పొగ కాదులెండి, అది ఆవిరి. పిల్లలకి ఏమీ కాలేదుగా, అదే పదివేలు. ఒక్క నిమిషం ఉండండి, ఈ మామిడికాయ ముక్కలు గుడ్డ మీద పరిచేసి వస్తా. ఈ ఏడు ఆవకాయ ఆలస్యమైపోయింది, ఇంకా ఆగితే కాయ పండు వాసన వస్తుంది.

ఆ, ఇప్పుడు చెప్పండి. షెడ్డు అబ్బాయి వచ్చి ఏమన్నాడు? రేడియేటర్ మార్చాలన్నాడా? వాటర్ పంపూ మార్చాలా? ఇంజను హెడ్ కూడా విప్పి చూస్తానన్నాడా? లోపలికి చెయ్యి పెట్టి చూశాడా అసలు? చూడలేదూ! గుమ్మంలో నిలబడే ఇన్నీ చెప్పాడన్నమాట. ఏది పోయిందో తెలిసినవాడు దాన్నొక్కదాన్నే మారుస్తాడు వదినగారూ. తెలియనివాడే వరసపెట్టి మార్చుకుంటూ పోతాడు. వాటిలో ఏదో ఒకదానితో బాగవుతుంది, డబ్బు మాత్రం అన్నింటికీ మీరే కట్టాలి.

మా నాన్నది టాక్సీ కదా. అంబాసిడర్. చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గది కన్నా ముందు ఆ బండి కడిగేవాళ్ళం. ఎవరైనా వచ్చి బండి వేడెక్కుతోందంటే మా నాన్న బానెట్ ఎత్తేవాడు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి "ఎప్పుడు?" అని అడిగేవాడు. నిలబడి ఉన్నప్పుడా, పరిగెడుతున్నప్పుడా, స్టార్ట్ చేసిన వెంటనేనా? ఆ జవాబులోనే సగం రిపేరు తేలిపోయేది. నేనూ మిమ్మల్ని అదే అడుగుతాను. వేడి చూపించే మీటరు ముల్లు ఎప్పుడు లేచింది?

లారీల వెనకాల మెల్లగా ఎక్కుతుంటేనా. సరే. అంతకు ముందెప్పుడైనా లేచిందా? గోపాలపట్నం ట్రాఫిక్‌లో ఒకసారి లేచిందా? మరి శ్రీకాకుళం పెళ్ళికి వెళ్ళారు కదా, హైవే మీద ఎనభైలో వెళ్ళినా ముల్లు కదల్లేదా? సగంలోనే ఉందా? ఇంకొకటి గుర్తు చేసుకోండి. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ గాలి వేడిగా వస్తోంది, కదిలితే చల్లబడుతోంది అని పోయిన వారం మీరే అన్నారు నాతో. అన్నారా లేదా? అయితే మీ రేడియేటర్ జోలికీ పంపు జోలికీ ఎవరూ వెళ్ళక్కర్లేదు. మీ ఫ్యాను తిరగట్లేదు.

ఎలా అంటే చెప్తా వినండి. పెట్రోలు కాలి పుట్టిన శక్తిలో చక్రాల దాకా చేరేది మూడోవంతు కూడా ఉండదు. ఇంచుమించు ఇంకో మూడోవంతు సైలెన్సర్‌లోంచి వేడి గాలిగా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు లాక్కోవాలి. ఆ నీళ్ళని తోసేది పంపు. లాక్కొచ్చిన వేడిని గాలికి వదిలేది రేడియేటర్. మరి గాలి ఎక్కణ్ణించి వస్తుంది? బండి పరిగెడుతుంటే ఎదురుగాలి దానంతటదే రేడియేటర్‌లో దూరుతుంది, ఫ్యాను లేకపోయినా గడిచిపోతుంది. బండి ఆగిందో, నత్తనడక నడిచిందో, ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఫ్యానే దిక్కు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా రేడియేటర్‌కి ముందే ఉంటుంది కాబట్టి దానికీ అదే గాలి కావాలి. అందుకే ఆగినప్పుడు ఏసీ చల్లదనం పోయిందంటే అది ఫ్యాను ముందుగా పంపిన కబురు. ఘాట్‌లో లారీ వెనకాల వెళ్ళడమంటే మరీ కష్టం. ఇంజను మీద బరువు నిండా ఉంటుంది, గాలి ఉండదు.

మా నాన్న బండికి ఈ బాధ లేదు. ఇంజను తిరిగితే బెల్టు తిరిగేది, బెల్టు తిరిగితే ఫ్యాను తిరిగేది. 1983లో మారుతి 800 వచ్చాక చిన్న కార్లలో ఇంజను అడ్డంగా కూర్చోవడం మనకి అలవాటైంది. ముందుకి చూసే రేడియేటర్‌కి అడ్డంగా ఉన్న ఇంజను నుంచి బెల్టు ఎలా వేస్తారు? అందుకని కరెంటు మోటారు పెట్టారు. మోటారు వచ్చిందంటే దాని వెనకాల ఫ్యూజు, రిలే, వైర్లు, కనెక్టరు, ఎప్పుడు తిరగాలో చెప్పే సెన్సరు, ఇంత సంసారం వచ్చింది. వీటిలో ఏ ఒక్కటి అలిగినా ఫ్యాను ఆగిపోతుంది. ముల్లు లేచాక చూసినవాళ్ళు రేడియేటర్ పాడైందనుకుంటారు.

ఇప్పుడే తేల్చేద్దాం. నా చేతులకి ఆవపిండి ఉంది, నేను రాలేను, గోడ మీంచే చెప్తా. అన్నయ్యగారిని పిలవండి. అన్నయ్యగారూ, ఇంజను చల్లగా ఉంది కదా? రాత్రంతా ఆగింది కాబట్టి రేడియేటర్ మూత తీయొచ్చు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయా? ఘాట్‌లో పోశారా? మంచిది. మూత బిగించి స్టార్ట్ చెయ్యండి. ఇప్పుడు ఏసీ వెయ్యండి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాను కూడా తిరగాలి. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకండి, చూడండి చాలు. తిరగట్లేదు కదా! ఆపేయండి.

ఫ్యూజు పెట్టె తెరవండి. మూత వెనక బొమ్మ ఉంటుంది, అందులో రేడియేటర్ ఫ్యాన్ అన్నదాన్ని పీకి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగలేదా? సరే, పెట్టేయండి. దాని పక్కన నల్లగా చిన్న డబ్బీలా ఉన్నది రిలే. హారన్‌ది కూడా అలాంటిదే ఉంటుంది. మీద అచ్చయిన నంబర్లు రెండింటికీ ఒకటేనా? అయితేనే ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. నంబరు తేడా ఉంటే ముట్టుకోవద్దు. మార్చారా? స్టార్ట్ చేసి మళ్ళీ ఏసీ వెయ్యండి. ఇప్పుడూ లేదా? హారన్ మోగుతోందా? మోగుతోందంటే రిలే మంచిదే. ఇంజను ఆపి తాళంచెవి తీసేయండి. కొన్ని కార్లలో ఇంజను ఆపాక కూడా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్ళు జాగ్రత్త. ఫ్యాను మోటారు దగ్గర వైర్లు కలిసే కనెక్టరు ఉంటుంది, దాన్ని ఊడదీయండి.

ఏమైంది? ప్లాస్టిక్ కరిగిందా? లోపల రాగి మీద పచ్చగా కిలుము పట్టిందా? ఇదిగో, దొరికాడు దొంగ. మన విశాఖపట్నంలో సముద్రపు ఉప్పు గాలికి వైర్ల కీళ్ళన్నీ ఇలాగే కిలుము పడతాయి. కిలుము పట్టినచోట కరెంటు సరిగ్గా పారదు, అక్కడే వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, చివరికి తెగిపోతుంది. రేడియేటర్ షెడ్డుకి కాదు అన్నయ్యగారూ, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. కనెక్టరు మార్చమనండి. అది మార్చి ఊరుకోకుండా మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో మీటరు పెట్టి చూడమనండి. ముసలి మోటారు ఎక్కువ కరెంటు లాగితే కొత్త కనెక్టరు కూడా ఇలాగే కరుగుతుంది.

ఇది మీ బండి సంగతి. అందరి బండీ ఇదే కాదు. మా ఆడపడుచు వాళ్ళ కారు ఊళ్ళో ఎంత తిరిగినా బాగుండేది, హైవే మీద వంద దాటితే ముల్లు లేచేది. సరిగ్గా మీకు తిరగేసి. అక్కడ గాలికి కొదవ లేదు కదా, మరి కొదవ దేనికి? నీళ్ళ పారుదలకి. రేడియేటర్ లోపల గొట్టాలు గార పట్టి పూడుకుపోవచ్చు, పంపు అరిగిపోవచ్చు, కింది హోస్ పైపు మెత్తబడి స్పీడులో లోపలికి పీల్చుకుపోవచ్చు. ఎదురుగాలి ఎంత ఉన్నా, బయటివైపు రెక్కల మధ్య పురుగులూ, ఎండుటాకులూ, కోతల కాలంలో ఊకా గడ్డీ ఇరుక్కుని గాలిని ఆపేయొచ్చు కూడా. రేడియేటర్ అంటేనే వీలైనంత ఎక్కువ లోహాన్ని గాలికి చూపించడం. 1901 నాటి మొదటి మెర్సిడెస్ కారుకి మేబాక్ అనే ఇంజనీరు చేసిన రేడియేటర్‌లో 8,070 సన్న గొట్టాలు ఉండేవని మా అబ్బాయి పాలిటెక్నిక్ పుస్తకంలో చూసి చెప్పాడు. అంత సన్నటి సందులు పూడుకుంటే ఏం లాభం? నెమ్మదైన నీళ్ళధారతో ఇంజను వైపు నుంచి బయటికి కడగాలి. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోతాయి.

ఇంకో రకం ఉంది. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోతుంది. అది థర్మోస్టాట్ పని కావచ్చు. ఇంజను తొందరగా వేడెక్కాలని మొదట్లో అది రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది. 80 నుంచి 90 డిగ్రీల మధ్య దాని లోపలి మైనం కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. అది మూసుకునే ఉండిపోతే ఇంజనులో నీళ్ళు మరుగుతుంటాయి, రేడియేటర్‌లో నీళ్ళు చల్లగా ఉంటాయి. పై పైపు కాలిపోతూ, కింది పైపు చల్లగా ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. చాలామంది మెకానిక్‌లు "మన ఎండలకి ఇదెందుకండీ" అని దాన్ని పీకి పారేస్తారు. వద్దు. ఇంజను ఎప్పుడూ కావలసిన వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. పాతది తీసి కొత్తది వెయ్యాలి గానీ ఖాళీగా వదలకూడదు.

నిన్న ముల్లు లేచాక ఏం చేశారు? టాప్ దాకా ఎక్కేద్దామన్నారా అన్నయ్యగారు? మీరే ఆపించారా? మంచి పని చేశారు వదినగారూ. మగవాళ్ళకి అదో రోషం, ఇంకో రెండు మలుపులే అంటారు. ముల్లు ఎర్రగీత వైపు కదలడం మొదలవ్వగానే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించెయ్యాలి. నవ్వకండి, ఎండాకాలంలో హీటరే! ఇంజను వేడిని లాక్కునే రెండో చిన్న రేడియేటర్ అదే. వేడి గాలి మన మొహాన కొడుతుంది గానీ ఇంజనుకి ఊపిరి ఆడుతుంది. హీటర్ పెట్టినా చల్లగాలే వస్తోందంటే నీళ్ళు తగ్గిపోయాయనో, మధ్యలో గాలి బుడగ అడ్డం పడిందనో అనుకోవాలి. అప్పుడిక నడపకూడదు. ఆవిరి వచ్చినా, ఎర్రగీత తాకినా, మలుపు కాని చోట పక్కకి తీసి ఇంజను ఆపేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల వెనక రాళ్ళు పెట్టాలి.

ఒక్కోసారి ముల్లు పైకి లేచి, ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. హమ్మయ్య చల్లబడింది అనుకుంటే కొంప మునిగినట్టే. నీళ్ళు మొత్తం పోతే సెన్సరు గాల్లో ఉండి తప్పు చెప్తుంది. ఈ మధ్య వచ్చే చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు, లైటు ఒక్కటే. చల్లగా ఉంటే నీలం, మితిమీరితే ఎరుపు. ఆ ఎరుపు వచ్చాక బేరాలు లేవు, ఆపడమే.

రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయకూడదు. తీశారా? తీయబోతే టీ కొట్టు తాత వద్దన్నాడా? ఆ తాత చల్లగా ఉండాలి. ప్రెషర్ కుక్కరు ఎలాగో అదీ అంతే. కుక్కర్లో ఆవిరి ఉండగా మూత లాగుతామా? ఆ మూత నీళ్ళని ఒత్తిడిలో పెడుతుంది కాబట్టే 100 డిగ్రీల దగ్గర మరగాల్సినవి 120 దాకా మరక్కుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, నీళ్ళన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగుస్తాయి. ఎంతమంది డ్రైవర్ల చేతుల మీద ఆ మచ్చలు చూశానో. ఇంజను ఆపి కనీసం అరగంట ఆగాలి. పై పైపు చేత్తో పట్టుకోగలిగినప్పుడే, మందపాటి గుడ్డ వేసి, కొంచెం తిప్పి, బుస్సుమనడం ఆగాక పూర్తిగా తియ్యాలి. మసిలే ఇంజనులో చన్నీళ్ళు కుమ్మరించకూడదు, లోహం చిట్లుతుంది. ఆ మూతకి రబ్బరు వాషరు పాడైనా నీళ్ళు తొందరగా మరుగుతాయి. హెడ్ విప్పే ముందు ఆ చిన్న మూత మార్చి చూసేవాళ్ళు ఎంతమంది చెప్పండి?

ఘాట్‌లో ఏ నీళ్ళు పోశారు? ఊట నీళ్ళా? ఆపదలో ఏవైనా పోయాల్సిందే, తప్పులేదు. ఇంటికొచ్చాక మాత్రం మొత్తం వంపేసి కడిగించి కూలెంట్ పోయించండి. మన బోరు నీళ్ళకి బకెట్టుకి తెల్లటి గార ఎలా పడుతోందో చూస్తున్నారుగా, రేడియేటర్ సందుల్లోనూ అదే పడుతుంది. లంబసింగిలో కాపురం ఉంటే తప్ప మనకి గడ్డకట్టే చలి ఏదీ, కూలెంట్ దేనికి అంటారు కొందరు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. త్వరగా మరగనివ్వదు, లోపల తుప్పు పట్టనివ్వదు. మనకి కావలసినవి ఆ రెండూ. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. చిక్కటిదైతే డబ్బా మీద రాసినట్టు, మామూలుగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపాలి. పచ్చ, ఎరుపు, నీలం అని రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. కారు పుస్తకంలో ఏ రకం రాశారో అదే కొనండి. రెండు రకాలు కలపకండి. వంపినది కాలవలో పారబోయకండి, పళ్ళెంలో వదలకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. మీ టామీ నాకిందంటే బతకదు.

పసుపు సంగతా? అవును, లారీవాళ్ళు చిన్న చిల్లి కారుతుంటే రేడియేటర్‌లో పసుపు వేస్తారు. ఊరు చేరేదాకా ఆగుతుంది కూడా. చిల్లిని పూడ్చిన పసుపు సన్న గొట్టాల్ని మాత్రం వదిలిపెడుతుందా? అడవిలో చిక్కుకుంటే సరే, దాంతో నెలలు గడపడం కాదు.

ఇంక హెడ్. అదొక్కటి చూసుకోవాలి, నిన్న ఆవిరి వచ్చేదాకా వెళ్ళింది కాబట్టి. హెడ్ అల్యూమినియం, మితిమీరి వేడెక్కితే వంగుతుంది. బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే గ్యాస్‌కెట్ కాలిపోతే నీళ్ళు ఆయిల్‌లోకో, మంట గదిలోకో దారి చేసుకుంటాయి. అప్పుడు హెడ్ విప్పి, దాని అడుగు చదునుగా ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్‌కెట్ వేసి బిగించాలి. ఖర్చంతా అక్కడే. విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఆయిల్ పుల్ల తీసి చూడండి, పాలు కలిపిన కాఫీలా ఉందా? లేదుగా. ఇంజను కాసేపు నడిచాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? రేడియేటర్ పక్కనుండే కూలెంట్ డబ్బాలో బుడగలు అదేపనిగా లేస్తున్నాయా? ఎక్కడా చుక్క కారకుండా నీళ్ళు రోజూ తగ్గుతున్నాయా? ఇవేవీ లేకపోతే చాలావరకు గండం గడిచినట్టే. అనుమానం తీరకపోతే షెడ్లలో నీలం మందు పరీక్ష ఉంటుంది. రేడియేటర్ మూతి దగ్గర గాలిని ఆ మందులోంచి లాగుతారు. ఇంజను పొగ అందులోకి వస్తుంటే నీలం పోయి పసుపు రంగుకి తిరుగుతుంది. హెడ్ విప్పాలి అన్నవాడిని ముందు ఆ పరీక్ష చెయ్యమని అడగండి.

అన్నయ్యగారూ, మళ్ళీ అరకు వెళ్తే ఘాట్‌లో పై గేరులో గునుసుకుంటూ ఎక్కించకండి. నీళ్ళ పంపు తిరిగేది ఇంజను స్పీడుతోనే. ఇంజను మెల్లగా మూలుగుతుంటే పంపూ మెల్లగానే తిరుగుతుంది, బరువు మాత్రం తగ్గదు. రెండో గేరుకి దింపి కొంచెం హుషారుగా తిరగనివ్వండి. లారీకి అంటుకుని కాకుండా ఎడం ఇవ్వండి. అనంతగిరి దాటేదాకా ఏసీ ఆపండి, అక్కడ గాలే చల్లగా ఉంటుంది, కాఫీ తోటల్లోంచి వస్తుంది. బయల్దేరే రోజు పొద్దున్నే, ఇంజను స్టార్ట్ చెయ్యకముందు, పక్క డబ్బాలో నీళ్ళు రెండు గీతల మధ్య ఉన్నాయో లేదో చూసుకోండి. నిమిషం పని.

ఇక ఆ షెడ్డు అబ్బాయితో ఏం చెప్పాలో చెప్తా. ఊరికే "వేడెక్కుతోంది" అని అనకండి. అలా అంటేనే వాడికి నచ్చినవన్నీ మార్చే వీలు దొరుకుతుంది. ఎక్కడ వేడెక్కింది, ఎంత స్పీడులో, ఏసీ ఉందా లేదా, స్టార్ట్ చేసిన ఎన్ని నిమిషాలకి, ఈ నాలుగూ చెప్పండి. తెలిసినవాడైతే ఆ నాలుగు మాటలు విని ఒకే చోట చెయ్యి పెడతాడు. అవి విన్నాక కూడా రేడియేటరూ, పంపూ, హెడ్డూ అని మళ్ళీ మొదలుపెట్టాడంటే మార్చాల్సింది బండి సామాను కాదు వదినగారూ, షెడ్డు.